ముగింపు ముందే తెలిసిన కథలో మనం ఊహించాల్సింది ఏమిటి?

తమ్ముడూ, నీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే అమెరికా టీవీ ధారావాహికకు ముందుతరాల కథ అయిన హౌస్ ఆఫ్ ద డ్రాగన్ నాలుగో సీజన్‌తో ముగుస్తుందని 2024లోనే ప్రకటించారు, కథంతా పుస్తకంలో అచ్చయి ఉంది, అలాంటప్పుడు చివరి సీజన్ గురించి ఇంత చర్చ దేనికి అన్నావు. 2019లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ ముగింపు మీద అందరి జోస్యాలూ తప్పాయి కదా, మళ్లీ అదే జరగదా అన్నావు. చివరగా, ఊహించడానికి ఒక పద్ధతంటూ ఉందా అని అడిగావు.

ఉంది. ఆ పద్ధతి నాకు హనుమకొండలో ఒక మేడమీది గదిలో, రెండు వందల పేజీల నోటుబుక్కు దగ్గర తెలిసింది. అది చెప్పాలంటే రెండు ధారావాహికల ముగింపులూ బయటపెట్టక తప్పదు. చూడనివాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే ఆగిపోండి.

గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఆఖరి సీజన్ అప్పుడు, అమెరికాలో ఆదివారం రాత్రి తొమ్మిదికి వచ్చే ఎపిసోడ్ మనకు సోమవారం ఉదయం ఆరున్నరకు హాట్‌స్టార్‌లో వచ్చేది. 2019 ఏప్రిల్ 15 నుంచి ఆరు సోమవారాలు నక్కలగుట్టలో మా మిత్రుడి ఇంటి మేడమీద ఏడుగురం చేరాం. మొదటి ఎపిసోడ్‌కు ముందు రోజు సాయంత్రం ఒక నియమం పెట్టుకున్నాం. చచ్చినవాళ్ల సేనను నడిపే నైట్ కింగ్‌ను ఎవరు చంపుతారు, సింహాసనం ఎవరికి దక్కుతుంది, అప్పటికి ఏలుతున్న రాణి సెర్సీ ఎలా పోతుంది, ఆ సింహాసనం కోసం డ్రాగన్లతో వచ్చిన డెనేరిస్ ఏమవుతుంది, ఈ నాలుగింటికీ ఒక్కొక్కరు ఒక్కో పేజీలో జవాబు రాయాలి. ఊహ ఒక వాక్యం చాలు, కారణం మాత్రం కనీసం మూడు వాక్యాలు ఉండాలి. రాసిన తర్వాత దిద్దకూడదు.

మే 20న ఆఖరి ఎపిసోడ్ అయిపోయాక నోటుబుక్కు తెరిచాం. సింహాసనం నలుగురు జాన్ స్నోకు ఇచ్చారు, ఇద్దరు డెనేరిస్‌కు ఇచ్చారు, ఒకరు ఎవరికీ దక్కదన్నారు. చివరికి రాజైన బ్రాన్ పేరు ఎవరి పేజీలోనూ లేదు. నైట్ కింగ్‌ను చంపింది బ్రాన్ అక్క ఆర్యా, అదీ ఎవరూ రాయలేదు. సెర్సీని ఆమె తమ్ముడు జేమీ గొంతు నులిమి చంపుతాడని ఆరుగురం రాశాం. తీరా ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కోట గోడల కింద పడి చనిపోయారు.

డెనేరిస్ రాజధానిని కాల్చేస్తుందని ఒక్కరు రాశారు. ఆమె మా మిత్రుడి తల్లి, పదవీ విరమణ చేసిన తెలుగు టీచరు. పుస్తకాలు చదవలేదు, ఇంటర్నెట్టులో ఏ సిద్ధాంతాలూ చూడలేదు. సబ్‌టైటిల్స్ చదువుతూ, అర్థం కాని చోట ఆపించి అడుగుతూ మాతో పాటు ఏడు సీజన్లూ చూశారు. ఆమె పేజీలో కారణం ఇలా ఉంది: ఈ అమ్మాయికి కోపం వచ్చిన ప్రతిసారీ పక్కన ఎవరో ఒకరు ఉండి ఆపుతున్నారు. ఆపేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. ఆపేవాళ్లు లేని రోజున ఆమె ఏమి చేస్తుందో అదే కథకు ఆఖరు.

ఆ మూడు వాక్యాలు చదివాక మేమందరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒక్కసారి వెనక్కి వెళ్లి చూడు. నాలుగో సీజన్‌లో మీరీన్ నగరం గెలిచాక డెనేరిస్ 163 మంది బానిస యజమానులను శిలువ వేయించింది. వద్దన్నది ఆమె సలహాదారు బారిస్టన్ సెల్మీ. ఐదో సీజన్‌లో బారిస్టన్ చనిపోయాడు. ఏడో సీజన్‌లో లొంగని టార్లీ తండ్రీకొడుకులను డ్రాగన్ మంటలకు ఇచ్చింది. మరో సలహాదారు టిరియన్ వద్దన్నాడు, ఆమె వినలేదు. ఇక ఆఖరి సీజన్ మూడో ఎపిసోడ్‌లో ఆమెకు నమ్మకస్తుడైన జోరా, నాలుగో ఎపిసోడ్‌లో రెండో డ్రాగన్, ఆమె నెచ్చెలి మిస్సాండే వరసగా పోయారు. ఐదో ఎపిసోడ్‌కు ఆమె చుట్టూ ఎవరున్నారు? టీచరమ్మ లెక్క ఏప్రిల్‌లోనే పూర్తయింది. మేము డ్రాగన్లను చూస్తూ కూర్చున్నాం, ఆమె డ్రాగన్ పక్కన నిలబడ్డ మనుషులను లెక్కపెట్టారు.

నేను అప్పటి నుంచి పాటిస్తున్న పద్ధతి ఇదే. ఒక పాత్ర ముగింపు ఊహించాలంటే ఆ పాత్ర గురించి ఎవరో చెప్పిన జోస్యాన్ని పక్కనపెట్టి, ఆ పాత్రకు ఉన్న అలవాటును పట్టుకోవాలి. ఆ అలవాటుకు ఇన్నాళ్లు అడ్డుగా నిలబడినవాళ్లు ఎవరో రాసుకోవాలి. వాళ్లలో ఎంతమంది మిగిలారో చూడాలి.

సెర్సీ విషయంలో మేము ఎక్కడ తప్పామో కూడా చెప్పాలి, ఎందుకంటే నువ్వు ఇప్పుడు చేస్తున్న పొరపాటు అదే. తమ్ముడి చేతిలో ఆమె చస్తుందని ఒక మంత్రగత్తె చెప్పిన జోస్యం, ధారావాహికకు మూలంగా మార్టిన్ రాసిన నవలల్లో నాలుగోదానిలో, అంటే 2005లో వచ్చినదానిలో ఉంది. ధారావాహిక ఐదో సీజన్‌లో, అంటే 2015లో, ఆ మంత్రగత్తె సన్నివేశాన్ని చూపించింది. పిల్లల సంగతి, చిన్నదైన మరో రాణి వచ్చే సంగతి చెప్పించింది. తమ్ముడి మాట మాత్రం చెప్పించలేదు. మేమేం చేశాం? ఆ ఖాళీని పుస్తకంతో పూరించుకున్నాం. తెర మీద పలకని మాటను తెర మీది ముగింపుకు సాక్ష్యంగా తెచ్చుకున్నాం. తీసేసిన వాక్యం కూడా ఒక సమాచారమేనని ఆనాడు మాకు తోచలేదు.

కళ్లారా చూపించినదాన్ని కూడా మనకు కావలసినట్టు చదువుకుంటాం. రెండో సీజన్ చివర, 2012లో, డెనేరిస్‌కు ఒక దర్శనం కలుగుతుంది. పైకప్పు కూలిన రాజసభ, సింహాసనం మీద తెల్లగా ఏదో రాలుతూ ఉంటుంది. అది మంచు, కాబట్టి చలికాలం రాజధాని దాకా వస్తుందని నేను నా పేజీలో రాశాను. ఏడేళ్ల తర్వాత అదే సభలో రాలింది బూడిద. ఆ బూడిద ఆమె చేసినదే.

అయితే అభిమానుల జోస్యాలన్నీ తప్పాయనడం అన్యాయం. జాన్ స్నో తల్లిదండ్రులెవరన్నది మొదటి నవల 1996లో వచ్చిన కొద్దికాలానికే పాఠకులు పట్టేశారు, 2016లో ఆరో సీజన్ ఆఖరి ఎపిసోడ్ అది నిజమని చూపించింది. తేడా ఎక్కడుందో గమనించు. అది జరిగిపోయిన విషయం. జరిగిపోయిన రహస్యానికి రచయిత ఆనవాళ్లు వదలాల్సిందే, లేకపోతే బయటపడినప్పుడు ఎవరూ నమ్మరు. జరగబోయేదానికి అలాంటి బాధ్యత లేదు. అందుకే గతం గురించిన ఊహకు ఆధారాలు వెతకడం సరైన పని, భవిష్యత్తు గురించిన ఊహకు మనుషుల స్వభావం చూడడం సరైన పని. ఈ రెండింటినీ కలిపేసినవాళ్లే 2019లో ఎక్కువగా బాధపడ్డారు.

ఇంకొక లెక్క కూడా ఉంది, దాన్ని దాదాపు ఎవరూ వేయరు. మిగిలిన సమయం ఎంత? గేమ్ ఆఫ్ థ్రోన్స్ మొదటి ఆరు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు. ఏడో సీజన్‌కు ఏడు, ఎనిమిదో సీజన్‌కు ఆరు, మొత్తం 73. మొదటి సీజన్‌లో రాజు ఉత్తరాదికి రావడానికి ఒక నెల పట్టిందని చెప్పి ఆ దూరం మనకు అనుభవంలోకి తెచ్చారు. చివరి ఆరింటిలో మూడోది, 82 నిమిషాలూ, ఒకే రాత్రి యుద్ధం. మిగిలిన వాటిలో డెనేరిస్ మనసు విరగడం, జాన్ పుట్టుక బయటపడడం, రాజధాని కాలడం, కొత్త రాజును ఎన్నుకోవడం అన్నీ జరగాలి. డెనేరిస్ ముగింపు సరైనదే అని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆ ముగింపుకు నడిచే దారి పొట్టిదైపోయింది. మనిషి అంత దూరం నడిచిందని చెప్పారు గానీ నడవనివ్వలేదు. ఆ సీజన్‌ను మళ్లీ తీయాలని 17 లక్షలకు పైగా మంది ఆన్‌లైన్‌లో సంతకాలు చేయడం, అదే ఏడాది అది ఉత్తమ నాటక ధారావాహికగా ఎమ్మీ అందుకోవడం, రెండూ జరగడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. తీసినవాళ్ల పనితనంలో లోపం లేదు, వాళ్లు తమకు మిగుల్చుకున్న సమయంలో ఉంది.

ఇక హౌస్ ఆఫ్ ద డ్రాగన్ సంగతి. రాజు విసెరిస్ పోయాక సింహాసనం కోసం ఆయన పెద్ద కూతురు రెనీరాకూ, రెండో భార్య ఏలిసెంట్ కొడుకు ఏగాన్‌కూ మధ్య జరిగే యుద్ధం అది. నేను మొదటి రెండు సీజన్లలోని 18 ఎపిసోడ్ల ఆధారంగానే మాట్లాడుతున్నాను.

దీని ముగింపు 2018లో వచ్చిన ఫైర్ అండ్ బ్లడ్ పుస్తకంలో ఉందని అందరికీ తెలుసు. టీవీలో అంతకంటే ముందే చెప్పేశారన్నది చాలామంది మరిచిపోయారు. 2013లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ మూడో సీజన్‌లో రాజు జాఫ్రీ తన కాబోయే భార్యకు సమాధులు చూపిస్తూ, రెనీరాను తమ్ముడి డ్రాగన్ తినేసిందని, ఆమె కొడుకు అది చూస్తూ నిలబడ్డాడని ఎంతో సంబరంగా చెబుతాడు. కాబట్టి ఎవరు చస్తారన్నదాని మీద నువ్వు పెట్టే సమయమంతా వృథా. ఊహించాల్సింది వేరే ఉంది.

ఆ పుస్తకం మామూలు నవల కాదు. చాలా కాలం తర్వాత ఒక పండితుడు పాత రాతలు ముందేసుకుని కూర్చిన చరిత్రలా మార్టిన్ దాన్ని రాశాడు. ఆ పండితుడికి ఈ యుద్ధం గురించి దొరికిన ముఖ్యమైన సాక్షులు ముగ్గురు. ఏగాన్ పక్షమైన పచ్చ వర్గాన్ని అభిమానించే పూజారి యూస్టేస్, ఆస్థాన పండితుడు మంకున్, మష్రూమ్ అనే విదూషకుడు. ఒకే మరణాన్ని ముగ్గురూ మూడు రకాలుగా చెబుతారు.

ఇది మన ఊరివాళ్లకు కొత్తగా అనిపించకూడదు. 1323లో ఉలుగ్ ఖాన్ సేనలు ఓరుగల్లు కోటను గెలిచి ప్రతాపరుద్రుడిని బందీగా ఢిల్లీకి తీసుకెళ్లాయి. ఆయన ఢిల్లీ చేరలేదు. దారిలో చనిపోయాడని ఢిల్లీ చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. సోమోద్భవ నదీ తీరాన, అంటే నర్మద ఒడ్డున, కన్నుమూశాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతుంది. తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్లాడని వందేళ్ల తర్వాతి కలువచేరు శాసనం అంటుంది. రాజు మరణించాడన్నదాంట్లో ముగ్గురికీ భేదం లేదు. జబ్బుచేసి పోయాడా, అవమానం భరించలేక తానే ప్రాణం తీసుకున్నాడా అన్న దగ్గరే కథ మొత్తం మారిపోతుంది. కీర్తితోరణాల మధ్య నిలబడ్డ ప్రతిసారీ నాకు ఆ ఒడ్డున ఏం జరిగిందన్న ప్రశ్న తప్ప మరొకటి రాదు. హౌస్ ఆఫ్ ద డ్రాగన్ చూసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే జాతిది. ఈ మరణాన్ని ఎవరి సాక్ష్యం ప్రకారం చూపిస్తారు? ముగ్గురినీ పక్కనపెట్టి నాలుగో మాట చెబుతారా?

దీనికి ధారావాహిక అలవాటు చూడాలి. పాత్రలకు ఉన్నట్టే రచయితల బృందానికీ అలవాట్లుంటాయి. పుస్తకంలో హత్యకు గురైన, రెనీరా మొదటి భర్త లేనార్‌ను తెర మీద బతికించి సముద్రం దాటించారు. రెనీరా కొడుకు ల్యూసెరిస్‌ను ఏగాన్ తమ్ముడు ఏమండ్ కావాలని చంపినట్టు కాకుండా, అతని డ్రాగన్ వేగార్ అదుపు తప్పి చంపినట్టు చూపించి, ఏమండ్ ముఖంలో భయం నింపారు. విసెరిస్ మరణశయ్య మీద పలవరించిన పాత జోస్యాన్ని ఏలిసెంట్ తన కొడుకు గురించి అనుకోవడం పుస్తకంలో లేనే లేదు. పుస్తకంలో రెనీరా కంటే చాలా పెద్దదైన ఏలిసెంట్‌ను ఇక్కడ ఈడుజోడు స్నేహితురాలిని చేశారు. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టు. పుస్తకం దురాశ అన్నచోటల్లా తెర పొరపాటు అంటోంది. పుస్తకం పగ అన్నచోట తెగిపోయిన స్నేహం అంటోంది.

దాన్ని బట్టి నా ఊహలు చెబుతాను. రెనీరా మరణం జాఫ్రీ చెప్పినట్టే జరుగుతుంది, కానీ ఆ సన్నివేశం బరువు డ్రాగన్ మీద ఉండదు, ఏలిసెంట్ మీద ఉంటుంది. రెండో సీజన్ ఆఖర్లో ఆమె రహస్యంగా రెనీరా ఉండే డ్రాగన్‌స్టోన్ కోటకు వచ్చి, రాజధాని తలుపులు తెరుస్తానని, కొడుకు ప్రాణం ఇవ్వడానికైనా ఒప్పుకుంటానని చెప్పింది. ఒక తల్లి చేత ఆ మాట అనిపించిన రచయితలు దానికి మూల్యం రాయకుండా వదలరు. తన కొడుకే స్నేహితురాలిని ఆమె బిడ్డ కళ్లముందు చంపించాడన్న సంగతి ఏలిసెంట్‌కు తెలిసే క్షణమే ఈ ధారావాహికకు అసలైన ముగింపు అవుతుందని నేననుకుంటున్నాను. ఇంకో మాట, రూక్స్ రెస్ట్ యుద్ధంలో కుప్పకూలిన ఏగాన్ డ్రాగన్ ఏదో ఒక రూపంలో బతికి ఉండాల్సిందే. ఏగాన్ మళ్లీ రాజవుతాడని, జరగబోయేది ముందే కనిపించే అతని చెల్లెలు, భార్య హెలీనా తెర మీదే అన్నది, జాఫ్రీ మాట నిలవాలన్నా ఆ డ్రాగన్ కావాలి.

ఏమండ్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. గాడ్స్ ఐ చెరువు అతన్ని మింగుతుందని అక్క హెలీనా అతని ముఖం మీదే చెప్పింది. ఇది తెర మీద పలికిన జోస్యం, కాబట్టి నమ్మవచ్చు. రెనీరా భర్త డేమన్ హారెన్‌హాల్ కోటలో దర్శనం చూసి వచ్చాక తన చావుకు భయపడే మనిషిలా లేడు. ఆ ఇద్దరూ ఒకే చోట ముగుస్తారు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే ఆనవాలు రాజులకు సంబంధించినది కాదు. రెండో సీజన్‌లో రెనీరా పక్షాన పోరాడి చచ్చిన మెలీస్ అనే డ్రాగన్ తలను బండి మీద పెట్టి రాజధాని వీధుల్లో ఊరేగించారు. గెలిచామని చూపించుకోవాలని ఏగాన్ సేనాని క్రిస్టన్ కోల్ చేసిన పని అది. జనం సంతోషించలేదు, అపశకునమనుకున్నారు. దేవతలనుకున్నవి కూడా రక్తమాంసాలేనని, చంపితే చస్తాయని ఆ రోజు మొదటిసారి వాళ్ల కళ్లతో చూశారు. ఆకలి, మూసిన నగర ద్వారాలు, తిండి కోసం తొక్కిసలాట, వీటన్నిటి పక్కన ఆ తలను పెట్టు. పుస్తకం చదివినవాళ్లకు డ్రాగన్ల గూడు మీద జనం ఎగబడే రాత్రి తెలుసు. చదవనివాళ్లు కూడా ఆ బండి వెళ్లిన వీధి నుంచి ఆ రాత్రిని ఊహించగలరు. టీచరమ్మ పద్ధతి ఇక్కడ కూడా పనిచేస్తుంది: జనాన్ని ఇన్నాళ్లు ఆపింది భయం, ఆ భయాన్ని పాలకులే తీసేశారు.

నాకు దిగులు కలిగించేది హెలీనా విషయం. పుస్తకంలో ఆమెకు మెయిలోర్ అనే చిన్న కొడుకు ఉన్నాడు. హంతకులు వచ్చిన రాత్రి ఇద్దరు కొడుకుల్లో ఎవరిని చంపాలో ఆమె చేతే చెప్పిస్తారు. తెర మీద మెయిలోర్ పుట్టనే లేదు. ఆ పిల్లవాడు లేకపోతే తర్వాతి సంఘటనలు ఒక్కొక్కటిగా బలహీనపడతాయని మార్టిన్ స్వయంగా 2024 సెప్టెంబరులో తన బ్లాగులో రాసి, ఆ తర్వాత తీసేశాడు. ఆయన భయం సరైనదే. హెలీనా ఎలా పోతుందో పుస్తకం చెబుతుంది, ఎందుకు పోతుందో మాత్రం ఇప్పుడు కొత్తగా సృష్టించుకోవాలి. జరగబోయేవన్నీ ముందే కనిపించే మనిషి కాబట్టి, ఇక చూడలేక పోతుందని రాస్తారని నా ఊహ. దానికి సమయం ఇస్తే గొప్ప సన్నివేశం అవుతుంది. రెండు నిమిషాల్లో తేలిస్తే 2019 మళ్లీ వస్తుంది.

ముగింపు తెలిసిన కథ మీద చర్చ దేనికన్న నీ మొదటి ప్రశ్న మిగిలింది. మా నానమ్మ ఊరు ఐనవోలు దగ్గర. జాతర రోజుల్లో ఒగ్గు పూజారులు మల్లన్న కథ చెబితే ఆమె చలిలో దుప్పటి కప్పుకుని తెల్లవారేదాకా కూర్చునేది. మల్లన్న గొల్ల కేతమ్మను పెళ్లాడతాడని ఆ పందిట్లో తెలియనివాళ్లు లేరు. అయినా ఇంటికి వచ్చాక పోయినేడు చెప్పిన బృందానికీ ఈ ఏడు చెప్పిన బృందానికీ మధ్య వాదం నడిచేది. సవతి వస్తోందని తెలిసినప్పుడు మేడలమ్మ చేత ఒకరు కోపంగా పలికించారు, ఒకరు ఏడుస్తూ పలికించారు. ఏది మేడలమ్మ మాట అన్నదాని మీద మా నానమ్మ, పక్కింటి పెద్దమ్మ రెండు రోజులు మాట్లాడుకోలేదు. వాళ్లిద్దరికీ కథ కంఠస్థం.

నువ్వు కూడా ఒక నోటుబుక్కు పెట్టు. కరీంనగర్‌లో నీతో కలిసి చూసే నలుగురితోనూ కొత్త సీజన్ మొదలయ్యే ముందే రాయించు, కారణం లేని ఊహను తీసుకోవద్దు. ఎవరు చస్తారని అడగకు. రెనీరా, ఏలిసెంట్ ఇద్దరి పేర్లు రాసి, ఒక్కొక్కరిని ఆపగలిగినవాళ్లు ఎవరెవరు మిగిలారో వాటి కింద రాయమను. నేను రాసుకున్నాను. రెనీరా పేరు కింద రెండు పేర్లే వచ్చాయి, ఏలిసెంట్ పేరు కింద రెనీరా పేరొక్కటే వచ్చింది. హెలీనా గురించి నేను చెప్పిన కారణం తప్పని నీకనిపిస్తే నీ కారణం రాసి పంపు. టీచరమ్మకు కూడా చదివి వినిపిస్తాను.